పసుపంటిన స్వెటర్లు

బాగ్‌బేరా రైల్వే క్వార్టర్లలో, ఉత్తరాదికొచ్చి స్థిరపడ్డ మా తెలుగువాళ్ళకు జోగమ్మగారంటే హడలు. గ్యాంగ్‌మన్ భార్యగా విజయనగరం వైపు నుంచి వచ్చిన మనిషి. భర్త పోయాడు, క్వార్టరు కొడుకు పేరుకు మారింది, ఆవిడ నోరు మాత్రం మారలేదు. కొత్త బట్ట కొసకు పసుపు పెట్టకుండా ఎవరైనా తొడుక్కుంటే దారిలో ఆపి మరీ చీవాట్లు పెడుతుంది. నాకూ పడ్డాయి.

బర్మాలో సైన్యం రాజ్యమేలుతోందనీ, ఊళ్ళు తగలబెడితే జనం పిల్లాపాపలతో కొండలు దాటి మిజోరం శిబిరాల్లో తలదాచుకున్నారనీ మా తెలుగు సంఘం అధ్యక్షుడు సీతారామరావుగారు చెప్పారు. జోగమ్మగారు ఇల్లిల్లూ తిరిగి అందర్నీ కదిలించింది. పిల్లలకు కొత్త స్వెటర్లు కొన్నాం. మూటలు కట్టే పని ఆవిడకు వదిలేసి మేం టీలు తాగుతూ కూర్చున్నాం. అక్కడే దెబ్బతిన్నాం.

మూటలు చేరిన రోజు మేమంతా సంఘం గదిలో ఉండగా, శిబిరం నడిపే కుర్రాడు సీతారామరావుగారికి ఫోన్ చేసి హిందీలో మండిపడ్డాడు. "ప్రతి స్వెటరుకూ మరకే! ఇలాంటివి పంచకూడదని మాకు రూలు. తిప్పి పంపేస్తాం."

సీతారామరావుగారు తల పట్టుకున్నారు. అక్కడ పిల్లలు చలికి వణికిపోతున్నారు మరి.

"మరకేటి, ఆడి మొకం! ఇలా తెండి బాబూ, నాను మాటాడతాను," అని జోగమ్మగారు ఫోను లాక్కుంది. "ఏ దాగ్ నహీ బాబూ, పసుపు! నయా కప్డాకి ఎట్టాలి!"

అవతలివాడికి ముక్క అర్థం కాలేదు. అది పసుపనీ, కొత్త బట్టకు పెడితే శుభమనీ మనవరాలు సుధ హిందీలో అందుకుంది. "హల్దీ హై, భయ్యా. నయే కప్డే పే లగాతే హై. శుభ్ హోతా హై." అని, మాటలతో పని కాదని వీడియో కాల్ పెట్టింది.

కుర్రాడి పక్కన బిడ్డనెత్తుకుని ఒక తల్లి నిలబడి ఉంది. అతను ఆమెకు వాళ్ళ భాషలో సంగతి చెప్పాడు. ఆమె స్వెటరు చేతిలోకి తీసుకుని ఏదో అడిగింది. కుర్రాడి గొంతులో కోపం పోయింది.

"ఇన్నాళ్ళూ ఎవరో విప్పేసినవే వచ్చాయట. ఇవి నిజంగా మా పిల్లల కోసమే కొన్నారా అని అడుగుతోంది."

పొద్దుట్నుంచీ అందర్నీ దులిపేసిన జోగమ్మగారు ఊరికే తలూపింది. ఆ తల్లి అక్కడికక్కడే బిడ్డకు స్వెటరు తొడిగింది.

"సుధా, ఫోనటు తిప్పే," అంది జోగమ్మగారు. "నానేడిత్తే ఆ పిల్ల బెంగెట్టుకుంటాది."

సుధ తిప్పింది. అటు సీతారామరావుగారు కండువాతో ముక్కు చీదుకుంటున్నారు.