సర్వే నంబరు చెబితే పేరు చెప్పిన యంత్రం

మా ముత్తాత గోనెగండ్ల దగ్గరి మా ఊరికి శిస్తు వసూలు చేసే దేశాయి, తాతగారు మునసబు. మా ఇంట్లో పిల్లలం ఎక్కాలకంటే ముందు పొలాల సర్వే నంబర్లు వల్లించేవాళ్లం.

ఎనభైల చివర్లో ఎమ్మిగనూరులో పెట్టిన ప్రభుత్వ ప్రదర్శనకు ఒక కంప్యూటరు తెచ్చారు. ఊరు, సర్వే నంబరు చెబితే భూమి ఎవరిదో చెబుతుందట. చుట్టూ ఒకటే తోపులాట.

"సోదెమ్మ కంటే మేలప్పా ఇది!" అని ఒక నేతగాడు దానికి దండం పెట్టాడు.

"అంతా మోసమన్నా, లోపల మనిసి కూసోని సెప్తాండాడు," అన్నాడు ఇంకొకాయన.

నాకు కాలు నిలవలేదు. అంతమందిలో మా ఇంటిపేరు వినబడాలని, తాతగారు బావి తవ్వించిన తోట నంబరు గట్టిగా చెప్పాను. కంప్యూటరు ముందున్న ఉద్యోగి ఆదోని పత్తిమిల్లు యజమాని పేరు చదివాడు.

"తప్పు. మళ్లీ నొక్కండి," అన్నాను. మూడుసార్లూ అదే పేరు.

"దొరా, నువ్వెవరో మిషనుకు తెలీలేదు సూడు!" అని వెనక నుంచి ఎవరో అనగానే అందరూ నవ్వారు.

ఇంటికొచ్చి నాన్నను నిలదీశాను. "మిషను తప్పు సెప్పలేదప్పా," అన్నారు తలెత్తకుండా.

ఆ సంగతి నేనూ, నవ్విన జనమూ ఒకేసారి విన్నామన్నదే నేటికీ గుచ్చుతుంది. బావితో సహా ఆ ఏడెకరాల తోటను నాన్న అంతకు రెండేళ్ల ముందే అమ్మేశారు.