బూడిద బాబాయ్ ఎర్ర చొక్కా

టీవీ సీరియళ్లకు రంగులు సరిచేయడం బూడిద బాబాయ్ పని. ఆయన గదిలో గోడలు బూడిదరంగు, కుర్చీ బూడిదరంగు, పాతికేళ్లుగా ఒంటిమీద చొక్కా కూడా బూడిదరంగే. పక్కన వేరే రంగుంటే కన్ను మోసపోతుందని ఆయన పట్టుదల. బీరువా తెరిస్తే ఒకే చొక్కా పన్నెండుసార్లు కనిపిస్తుందని భార్య దెప్పిపొడుస్తుంటుంది. స్టూడియోలో ఆయనకు బూడిద బాబాయ్ అన్న పేరు స్థిరపడిపోయిందంటే వింతేముంది!

కూతురు మొదటి జీతంతో ఆయనకో చొక్కా కొంది. ఎర్రటి ఎరుపు.

"వేసుకో నాన్నా. నువ్వు కూడా జనానికి కాస్త కనపడాలి" అంది.

మనిషి పొంగిపోయాడు. నియమాలన్నీ గాలికొదిలేసి మూడు రోజులు అదే చొక్కా ఉతికించుకుని మరీ తొడుక్కుని పనికి వెళ్లాడు.

నాలుగో రోజు డైరెక్టర్ ఫోన్ చేశాడు. "ఏంటి బాబాయ్ ఇది? హీరోయిన్ మొహం నాచు పట్టినట్టుంది. ఎల్లుండే టీవీలో వేయాలి!"

బాబాయ్ కంగారుపడ్డాడు. తెరమీద ఏ రంగైనా ఎరుపు, ఆకుపచ్చ, నీలం కలిస్తే వచ్చేదే. ఆ మూడింటి పాళ్లు కంటితో కొలవడమే ఆయన బతుకు. మొహాలు మరీ ఎర్రగా అనిపించి కాస్త ఎరుపు తగ్గించాడు, అంతే. మరి తప్పెక్కడ? కళ్లే పోతున్నాయేమో! కళ్ల డాక్టరు చూసి చూపు భేషుగ్గా ఉందన్నాడు గానీ, ధైర్యం చెప్పడానికే అన్నాడనుకుని ఈయన మరింత బెంగపడ్డాడు.

ఆ మధ్యాహ్నం కూతురు స్టూడియోకి క్యారేజీ తెచ్చేసరికి బాబాయ్ ఒంటిమీద ఇంకా ఆ ఎర్ర చొక్కాయే ఉంది. తెరమీద చీకటి దృశ్యం నడుస్తోంది.

"నాన్నా, ఆ చీకట్లో ఎర్రగా ఏంటది?"

బాబాయ్ వంగి చూశాడు. ఎరుపూ వంగింది. పక్కకు జరిగాడు. ఎరుపూ జరిగింది. తెర వెలుగు చొక్కామీద పడి, ఎర్రగా మళ్లీ తెరమీదికే పోతోంది. ఆ ఎరుపు మొహాలదనుకుని మూడు రోజులు తీసేశాడు. ఎరుపు పోతే మిగిలేది ఆకుపచ్చా నీలమేగా!

"నా కళ్లు బాగున్నాయే! దివ్యంగా ఉన్నాయి!" అంటూ బాబాయ్ కుర్చీలోంచి గెంతాడు.

కూతురు మొహం చిన్నబోయింది. "అయితే నా చొక్కా వల్లేనా?"

"చొక్కా ఏం చేసిందే? ఊరందరికీ పాఠాలు చెప్పేవాణ్ణి, నువ్వు కొన్నావన్న సంబరంలో నాకే ఒళ్లు తెలియలేదు."

బూడిద చొక్కా తొడుక్కుని, అన్నీ మళ్లీ సరిచేసి, సమయానికి పంపాడు.

ప్రసారం రోజు సాయంత్రం ఇంటిల్లిపాదీ టీవీ ముందు చేరారు. బాబాయ్ ఎర్ర చొక్కా తొడుక్కుని అందరికంటే ముందు కూర్చున్నాడు.

"నాన్నా, తెరమీద ఎరుపు పడుతోంది!"

"పడనీవే. ఈ ఎరుపు మాత్రం నేను తగ్గించను."