అరికాలితో ఎండ చూసే అక్క

తిరుమల కొండకు పోయేవాళ్లు తమ కుక్కలను వదిలివెళ్లే షెడ్డు ఒకటి శ్రీకాళహస్తి దారిలో ఉండేది. నేను అక్కడ పనిచేసేదాన్ని. దాన్ని నడిపే ఆమెను అక్కా అని పిలిచేదాన్ని. ఎండాకాలంలో కుక్కలను బయటికి వదిలే ముందు ఆమె చెప్పులు విడిచి, సిమెంటు గచ్చు మీద అరికాలు ఆనించి చూసేది.

"నా కాలు ఓర్సుకుంటేనే వాటి కాళ్లు ఓర్సుకుంటాయి మే" అనేది. కాలితే నీళ్లు చల్లించేది.

ఒకరోజు మూడు గంటలప్పుడు అలాగే కాలు ఆనించి, "సల్లంగానే ఉండాది, ఇడువు" అంది. గేటు తీశాను. ముందు పరుగెత్తిన తెల్లకుక్క నాలుగడుగులు వేసి కుయ్యోమని ఎగిరింది. ఎత్తుకుని చూస్తే పాదాలు కమిలిపోయాయి. గచ్చు మీద చెయ్యి పెట్టి చటుక్కున తీసేశాను.

"ఏందక్కా, పెనం మాదిరి కాల్తా ఉంటే సల్లగుందంటావు?"

ఆమె మళ్లీ కాలు పెట్టింది. చాలాసేపు ఉంచింది. "నాకేం కాల్లేదే" అంది మెల్లగా. ఆమెకు చక్కెర జబ్బు. అది కాళ్లలో స్పర్శను తినేసిందని అప్పటిదాకా ఇద్దరమూ అనుకోలేదు.

ఆమెను లాగి నీడలో కూర్చోబెట్టాను. అరికాలు బొబ్బలెక్కింది.

"ఇంక నన్ను నమ్మి కుక్కల్ని ఎవురు ఇడుస్తారు మే?" అంటూ గచ్చు వైపే చూస్తోంది.

తెల్లకుక్క కుంటుతూ వచ్చి ఆమె అరికాలు నాకసాగింది. ఆమెకు తెలియనే లేదు.