బాపు తీయించిన కమాను పట్టీలు

పోయిన వారం మా పాత చిన్న కారును, స్టీరింగు పక్కనే గేరు కడ్డీ ఉండే ఆ కాలపు బండిని, కరీంనగర్‌లో షెడ్డుకు ఇచ్చాను. వెనక షాకబ్జర్లు నూనె కారుతున్నాయి, ఇనుప పట్టీలు పేర్చిన, బరువు మోసే కమాన్ల బుష్షులు అరిగిపోయాయి, గుంత వస్తే నాలాగే అదీ మూలుగుతోంది. కిందికి దూరిన మెకానిక్ కాసేపటికి తల బయటపెట్టి, "సార్, గీ కమాన్ల బోల్టులు శాన పొడుగున్నయి, ఎనుకట ఇంకో పట్టీ ఉండెనా?" అన్నాడు. ఉండేదన్నాను. ఎందుకు తీశారని అతను అడగలేదు, నేనూ చెప్పలేదు. మన ఈడు వాళ్లకైతే చెప్పవచ్చు.

మాది చొప్పదండి. బాపు, అంటే మా నాన్న, ఆ కారును కిరాయికి తిప్పేవాడు, నేను చదువు ఆపి ఆయనతోపాటు కొత్తగా స్టీరింగు పట్టాను. నలుగురు పట్టే బండిలో ఎనిమిది మందిని కుక్కి, డ్రైవరు సగం తలుపు మీదే కూర్చుని వేములవాడకు తోలడం ఆ రోజుల్లో వింతేమీ కాదు. అంత బరువుకు వెనక కూలబడకుండా బాపు రెండు కమాన్లలోనూ ఒక్కో పట్టీ ఎక్కువ వేయించాడు. నిండా జనముంటే బండి బాగానే పోయేది, ఖాళీగా ఉంటే మాత్రం కమాన్లు వంగక ఎగిరెగిరి పడేది, దానికన్నా ఎడ్లబండి నయం.

శివరాత్రి ఇంకో నెల ఉందనగా అవ్వకు, అంటే మా అమ్మకు, గర్భసంచి ఆపరేషన్ పడింది. కరీంనగర్ దవాఖానకు పోయేటప్పుడు వెనక సీట్లో ఒక్కతే పడుకుంది. నొప్పి ఓర్చుకునే మనిషే, అయినా గుంతగుంతకూ మూలిగింది. ఇంటికి తెచ్చే ముందురోజు బాపు బండిని మెకానిక్ ఉస్తాద్ షెడ్డుకు తోలి, ఎక్కువ వేసిన పట్టీలు తీసేయమన్నాడు.

నాకు కోపమొచ్చింది. వేములవాడ శివరాత్రి జాతర దగ్గరపడింది, మా ఇంటికి ఏడాది పంట అంటే అదే. దిండ్లు పరుద్దామన్నాను. "దిండు మీద దిండేసినా కుదుపు కుదుపేరా, కుట్లు పచ్చిగున్నయి" అన్నాడు. ఉస్తాద్ కూడా, "జర సోంచాయించు భాయ్, జాతరల పరేషాన్ అయితవు" అని నచ్చజెప్పి చూశాడు. బాపు వినలేదు. పనిలో పనిగా అరిగిన బుష్షులు కూడా మార్పించాడు.

మర్నాడు దారి పొడవునా అవ్వ మూలుగు వినబడలేదు. ఇంటి ముందు దిగి, ఎదురొచ్చిన పక్కింటావిడతో, "పోంగ పానం పోయినంత పనైంది వదినె, గీ పది రోజులల్లనే రోడ్డు మంచిగేసిండ్రు, కుదుపన్నదే లేదు" అంది. నేను నోరు తెరవబోయాను. "ఔ, ఏసిండ్రు" అని బాపు మూట తీసుకుని లోపలికి పోయాడు.

కట్టు మార్పించడానికి తిరుగుతుండగానే శివరాత్రి వచ్చి పోయింది. మేము తడవకు నలుగురినే తీసుకుపోతుంటే, పెద్ద కుటుంబాలన్నీ మా కళ్ల ముందే వేరే బండ్లెక్కాయి. ఆ నెలంతా నేను బాపుతో ముఖమిచ్చి మాట్లాడలేదు. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది. అవ్వకు కారెక్కడం ఇష్టమైందని ఆయన ఆ పట్టీలు మళ్లీ వేయించనే లేదు, ఆమెకు సంగతి చెప్పనూ లేదు.

చాలా ఏండ్లకు ఆ దారి నిజంగానే వేశారు. అప్పటికి బాపు లేడు. కొత్త రోడ్డు మీద అవ్వను తీసుకుపోతూ ఎట్లుందని అడిగితే, కాసేపు కిటికీలోంచి చూసి, "మంచిగనే ఉన్నది గని, అప్పుడేసినంత మెత్తగ లేదు" అంది. అవునన్నాను. ఇప్పుడు అవ్వా లేదు, దారి ఇంకా వెడల్పయింది, మంచినీళ్ల గ్లాసు పెట్టుకుని పోయినా తొణకదు. అయినా ఆమె అన్న మాటే నిజమనిపిస్తుంది.