ఎడమకాలి చిటికెనవేలు

రాయపురంలో మా పక్కింటి అక్క భర్త ఒక పొద్దున చేపల రేవుకని వెళ్లి మళ్లీ రాలేదు. ఆ తర్వాత తొమ్మిదేళ్లపాటు, గుర్తు తెలియని శవం దొరికినప్పుడల్లా పోలీసులు ఆమెను మార్చురీకి పిలిచేవారు. ఆమె ముఖం చూసేది కాదు. ఎడమ పాదం మీద గుడ్డ తీసి చూసేది. ఆయనకు ఆ కాలి చిటికెనవేలు లేదు.

ఒకసారి నేనూ తోడు వెళ్లాను. ఐదు వేళ్లూ ఉన్నాయి.

"మా ఆయన కాదు సార్," అంది.

కానిస్టేబుల్ విసుక్కున్నాడు. "అవునని సంతకం పెట్టెయ్యమ్మా. డెత్ సర్టిఫికెట్ వస్తుంది, ఇల్లు నీ పేరుకు మారుతుంది."

ఆమె పాదాలకు గుడ్డ కప్పి బయటికొచ్చింది. బస్టాపులో నాతో అంది: "నేను అవునంటే, ఆ సచ్చిపోయినాయన పెండ్లాం ఇంగ ఎవుర్ని ఎతుక్కుంటాది?"

బస్సొచ్చింది. ఎక్కాం.