అరగంట బల్ల

నేను రిటైరవడానికి నాలుగేళ్ల ముందు, జూన్ ఒకటో తారీఖున, పాతబస్తీలోని ఒక ప్రభుత్వాసుపత్రి బయోకెమిస్ట్రీ ల్యాబులో చీఫ్ టెక్నీషియన్‌గా చేరాను. అంతకుముందు ఇరవై ఏళ్లకు పైగా జిల్లా ఆసుపత్రుల్లో తిరిగాను. లాల్‌దర్వాజాలో రెండు గదుల వాటా అద్దెకు తీసుకుని, పొద్దున్నే ఏడున్నరకు డ్యూటీకి నడిచి వెళ్లేవాణ్ణి. మాది తెనాలి దగ్గర పల్లె. ఇన్నేళ్లు తెలంగాణలో ఉన్నా నా యాస పోలేదు. ల్యాబులో నా వెనకాల నన్ను ‘ఆంధ్రా హెడ్మాస్టరు’ అనుకునేవారని తెలుసు. ఆ పేరు సగం యాసకి, సగం కోపానికి.

చీఫ్ టెక్నీషియన్ హోదా బయటివాళ్లకు అంతగా తెలియదు. రక్తం తీసేది కలెక్షన్ గదిలోని టెక్నీషియన్. రిపోర్టు మీద సంతకం ప్రొఫెసరు గారిది. ఈ ఇద్దరి మధ్య, ప్రతి అంకె పక్కన ఎర్ర సిరాతో టిక్కు పెట్టేది చీఫ్. ఆ టిక్కు పడనిదే ఏ అంకే ల్యాబు గడప దాటదు. ప్రొఫెసరు గారికి సంతకాలకే సమయం చాలేది కాదు కాబట్టి, నిజానికి ఆఖరి మాట నాదే. అందుకు నేను లోలోపల గర్వపడేవాణ్ణి కూడా.

ఆ ఏడాదే కీళ్లవాతం ఓపీ చూసే డాక్టర్ సుజాత గారు ఒక కొత్త పరీక్ష తెచ్చారు. కీళ్లవాతంలో రెండు సంగతులు వేరువేరుగా జరుగుతాయి. ఒకటి వాపు. అది ఈఎస్ఆర్, సీఆర్‌పీ అనే మామూలు పరీక్షల్లో కనిపిస్తుంది. రెండోది ఎముకల చివర ఉండే మృదులాస్థి, అంటే జనం ‘గుజ్జు’ అనేది, అరిగిపోవడం. వాపు, నొప్పి తగ్గినా అరుగుదల లోపల సాగుతూనే ఉండవచ్చు. ఎక్స్‌రేలో కనిపించేసరికి పోవలసింది పోయి ఉంటుంది. గుజ్జు దెబ్బతిన్నప్పుడు దానిలోని ఒక ప్రొటీను రక్తంలోకి చేరుతుంది. దాన్ని పొట్టిగా కాంప్ అంటారు. దాన్ని కొలిస్తే లోపలి నష్టం ముందుగా పసిగట్టవచ్చేమోనని డాక్టరమ్మ ఆశ. ఇది రోజువారీ పరీక్ష కాదు. పరిశోధన కోసం తెప్పించిన కిట్టు.

ఈ కాంప్‌తో ఒక చిక్కుంది. మనిషి నడిచినా, మెట్లెక్కినా, బరువు పని చేసినా అది కాసేపు పెరుగుతుంది. అందుకే రక్తం తీసే ముందు రోగిని అరగంట కదలకుండా కూర్చోబెట్టాలి. కలెక్షన్ గది బయట వసారాలో ఒక చెక్క బల్ల వేయించాను. పక్కన గోడ గడియారం, మేకుకు వేలాడే రిజిస్టరు. కూర్చున్న టైము, రక్తం తీసిన టైము, ఎదురుగా టెక్నీషియన్ పొట్టి సంతకం. దానికి ‘అరగంట బల్ల’ అని పేరు పడిపోయింది.

రక్తం తీసేది ఖాజా భాయ్. దబీర్‌పురా మనిషి, యాభై దాటినవాడు. దొరకని నరం దొరికించుకోవడంలో అతనికి సాటి లేరు. రాతపని అంటే మాత్రం చిరాకు. బల్ల వేసిన మొదటి నెలలోనే అతను మధ్యాహ్నం కూర్చుని అందరి పేర్ల ఎదుటా వరసగా అరగంట అరగంట అని కాకిలెక్కలు వేస్తుంటే పట్టుకున్నాను. మెమో ఇచ్చాను. ఆ రోజు నుంచి అతను నిమిషాలతో సహా రాసేవాడు. నేను మాత్రం ఆ రోజు దగ్గరే ఆగిపోయాను. ఒకసారి దొంగ లెక్క రాసినవాడు ఎప్పటికీ దొంగ లెక్కే రాస్తాడని నా నమ్మకం.

యాదమ్మ నమూనా ఆగస్టులో వచ్చింది. ముప్ఫై ఎనిమిదేళ్లు. జల్‌పల్లిలో ఉంటుంది. తెల్లవారకముందే వచ్చి పాతబస్తీ వీధులు ఊడ్చే బల్దియా కాంట్రాక్టు సఫాయి. ఆమె గురించి డాక్టరమ్మ నాకు విడిగా చెప్పారు. నొప్పి తగ్గిందంటోంది, వాపు పరీక్షలు మామూలుగానే ఉన్నాయి, కానీ చీపురు పట్టే కుడిచేతి పట్టు సడలుతున్నట్టు నాకు అనుమానం, అన్నారు. కాంప్ హెచ్చుగా వస్తే వెంటనే పిలిపించి, కీళ్లకు స్కానింగు చేయించి, రెండో మందు మొదలుపెడతారు. ఆ మందు కాలేయానికి భారం కాబట్టి ఊరికే ఇవ్వరు. చేతులు పోతే ఆమె కొలువు పోతుంది, ఇంట్లో సంపాదించేది ఆమె ఒక్కతే, అని కూడా అన్నారు. నేను తలూపాను.

కాంప్‌ను తొంభై ఆరు గుంటలున్న ప్లేటులో చేస్తాం. ప్రతి నమూనానూ రెండేసి గుంటల్లో వేస్తాం. రెండు అంకెలూ దగ్గరగా వస్తేనే నమ్ముతాం. పోల్చి చూసే ద్రావణాలకు పోగా ముప్ఫై ఎనిమిది మందికి చోటు మిగులుతుంది. అంతమంది పోగయ్యే దాకా రక్తం నుంచి వేరుచేసిన సీరాన్ని రెండు చిన్న గొట్టాల్లో పోసి డీప్ ఫ్రీజర్‌లో పెడతాం. ఒకటి పరీక్షకు, ఒకటి నిల్వకు. ఆ ప్లేటు అక్టోబరులో నడిచింది.

యాదమ్మ అంకె ఆ ప్లేటు మొత్తంలో అన్నిటికన్నా హెచ్చు. రెండు గుంటలూ ఒకే మాట చెప్పాయి. పక్క కాగితంలో ఆమె సీఆర్‌పీ చూస్తే మామూలు. రెండూ కుదరలేదు. వృత్తి గడిలో ‘సఫాయి’ అని ఉంది. నాకు వెంటనే అంతా తెలిసిపోయినట్టు అనిపించింది. పొద్దున నాలుగు గంటలు వీధులు ఊడ్చి, అక్కడి నుంచి నడిచొచ్చి, మెట్లెక్కి, అలాగే చేయి చాపి ఉంటుంది. ఖాజా అరగంట అని రాసేసి ఉంటాడు. రిజిస్టరు తీశాను. తొమ్మిదీ ఐదుకు కూర్చుంది, తొమ్మిదీ నలభైకి రక్తం తీశారు. ముప్ఫై అయిదు నిమిషాలు. అంత చక్కగా ఉండటమే నాకు మరింత అనుమానం కలిగించింది.

ఖాజా భాయ్‌ని పిలిచి అడిగాను. నిజానికి అడగలేదు, గద్దించాను.

“ఖుదా కసం సార్, నేనే కూసోబెట్టిన. మీరు గూడ చూసిండ్రు గద సార్, ఆ దినం...” అని ఏదో చెప్పబోయాడు.

నేను చేయెత్తి ఆపాను. నన్ను సాక్ష్యంలోకి లాగవద్దన్నాను. అతను ఒక్క క్షణం నా ముఖం చూసి, “జీ సార్” అని వెళ్లిపోయాడు. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు మరి. ఎర్ర టిక్కు పెట్టాల్సిన చోట, ‘నమూనాకు ముందు విశ్రాంతి నిర్ధారణ కాలేదు. మళ్లీ తీయాలి’ అని రాశాను. అంకెను కొట్టేశాను. డాక్టరమ్మ బల్ల మీదికి యాదమ్మ పేరు ఎదుట గీత ఉన్న కాగితం వెళ్లింది. ఆ గీత కింద ఏముందో ఆవిడకు తెలియదు.

కేసు షీటులో ఉన్న ఫోను నంబరు యాదమ్మ మరిదిది. కబురు అందడానికి మూడు వారాలు పట్టింది. నవంబరులో ఒక రోజు పన్నెండు దాటాక ఆమె కలెక్షన్ కిటికీ దగ్గరికి వచ్చింది. ఒంటి మీద డ్యూటీ కోటు అలాగే ఉంది. పన్నెండుకు కిటికీ మూసేస్తాం. పైగా కాంప్ నమూనాలన్నీ పొద్దుటివే అయి ఉండాలి. నేనే ఎదురయ్యాను. రేపు పొద్దున తొమ్మిదికి, పని చేయకుండా, నేరుగా ఇంటి నుంచి రమ్మన్నాను.

“పని చెయ్యకుంట ఎట్ల వస్త సార్? పొద్దుగాల హాజరు ఏస్కోకుంటే నా జాగల ఇంకొకరిని పెడ్తరు.”

అది నీకూ మీ సూపర్‌వైజరుకూ మధ్య సంగతి, నాకు సరైన నమూనా కావాలి, అన్నాను. ఆమె లొల్లి చేయలేదు. “సరే సార్, నొప్పి గూడ అంత లేదులే,” అని కిటికీ అంచు మీద నుంచి చేయి తీసి వెళ్లిపోయింది. మరునాడు రాలేదు. ఆ వారం రాలేదు. రిజిస్టరులో ‘రోగి హాజరు కాలేదు’ అని రాసి ఫైలు మూసేశాను. నిబంధన ప్రకారం అందులో ఏ లోపమూ లేదు. నాకు అది చాలనిపించింది.

ఆమె మళ్లీ వచ్చింది మరుసటి ఏడు జూన్‌లో. ఈ మధ్యలో ఆమె చేసిందేమిటో డాక్టరమ్మ తరువాత చెప్పారు. నొప్పి పెరిగినప్పుడల్లా మందుల దుకాణంలో గోలీలు కొని మింగి, చీపురు కర్రకు గుడ్డ చుట్టుకుని డ్యూటీకి పోయింది. పట్టు పూర్తిగా జారిపోయాక, ఏప్రిల్‌లో ఆమె చోట వేరేవాళ్లను పెట్టారు. కొత్త ఎక్స్‌రేలో కుడి మణికట్టులోనూ, వేళ్ల మొదళ్లలోనూ ఎముకకూ ఎముకకూ మధ్య ఉండాల్సిన సందు లేదు. వేళ్లు చిటికెన వేలి వైపు ఒరిగిపోయాయి.

జూన్‌లో ఆమె వచ్చిన ఆ పొద్దున, రెండో మందు మొదలుపెట్టే ముందు చేయించే మామూలు రక్తపరీక్షలు ఉన్నాయి. నేను వసారాలో నడుస్తున్నాను. అరగంట బల్ల మీద కూర్చున్న ఒకామె నన్ను చూసి గబుక్కున లేవబోయింది. చేయి ఆనించలేక మళ్లీ కూలబడింది.

“నిద్ర పోతలేను సార్. ఉత్తగనే కూసున్న,” అంది.

ఎందుకు లేస్తున్నావమ్మా, కూర్చో, అన్నాను.

“పోయినసారి గీ బల్ల మీద కునుకు వడితే మీరే లేపి తిట్టిండ్రు గద సార్. ఇది ధర్మశాల కాదు అన్నరు. ఖాజా భాయ్ మంచిగ కూసోమని చెప్పిండు సార్, గోడకు ఒరిగిన, అట్లనే నిద్ర పట్టింది.”

ఎప్పటి సంగతి అని అడిగాను. బోనాలు అయిపోయినంక, అంది. కేసు షీటు అడిగి చూశాను. యాదమ్మ.

నాకు ఆ రోజు గుర్తొచ్చింది. నోరు తెరుచుకుని, గోడకు తల ఆనించి గాఢంగా నిద్రపోతున్న ఒక మనిషి. బల్ల అంచు మీద నా చేతిలోని ఫైలుతో రెండుసార్లు కొట్టి లేపాను. ముఖం చూడలేదు. కోటు మాత్రమే చూశాను. ఆమె అరగంట కదలకుండా కూర్చుందనడానికి ఆసుపత్రి మొత్తంలో సాక్షిని నేనే. ఖాజా అక్టోబరులో చెప్పబోయింది అదే.

ఫ్రీజర్‌లో నిల్వ ఉన్న రెండో గొట్టాన్ని వెతికి తీసి, తరువాతి ప్లేటులో వేయించాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అది. అయినా వేయించాను. అంకె దాదాపు అదే వచ్చింది. అక్టోబరు కొలతలోనూ తప్పు లేదు, ఆగస్టు నమూనాలోనూ లేదు. కాగితాలు పట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి వెళ్లి జరిగింది వరసగా చెప్పాను. కోప్పడతారనుకున్నాను. “మీరు నమ్మకపోయినా సరే, నాకు ఒక్క మాట చెప్పి ఉంటే నేను చేయి పట్టుకుని చూసేదాన్ని కదా,” అన్నారు. ఆ రోజు నేను అన్నం తినలేదు.

ఖాజా భాయ్‌కి ఇచ్చిన మెమోను వెనక్కి తీసుకోవడానికి వీల్లేదు. అది మొదటి నెల తప్పుకు ఇచ్చింది, సరైనదే. అక్టోబరులో గద్దించినందుకు మాత్రం అతని గదికే వెళ్లి క్షమించమన్నాను. “జానే దో సార్,” అని, “ఆమెకు చెప్పిండ్రా?” అని అడిగాడు. చెప్పాను. మందుల వరసలో నిలబడి ఉండగా, నీ పరీక్ష అప్పుడే హెచ్చుగా వచ్చింది, నేను తొక్కిపెట్టాను అని చెప్పాను. ఆమెకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక, “గప్పుడే చెప్తే చెయ్యి ఉండునా సార్?” అని అడిగింది. తెలియదమ్మా అన్నాను. అది నిజం. ఒక్క అంకె ఆమె వేళ్లను కాపాడేదని ఏ డాక్టరూ ప్రమాణం చేయలేరు. కానీ ఎనిమిది నెలల ముందే ఎవరో ఒకరు ఆమె చేతిని చూసి ఉండేవారు. ఆ అవకాశాన్ని నేను తీసేశాను. ఆమె ఎడమచేత్తో సంచి సర్దుకుని వరసలో ముందుకు జరిగింది.

నా పదవిలో మిగిలిన కాలంలో నేను చేసిన మార్పు ఒక్కటే. నమూనా మీద అనుమానం ఉంటే అనుమానాన్ని రిపోర్టులో రాయాలి. అంకెను మాత్రం ఆపకూడదు. ప్రొఫెసరు గారి చేత రాతపూర్వకంగా ఆర్డరు వేయించి, కలెక్షన్ గది గోడకు అంటించాను. కొత్తగా చేరిన టెక్నీషియన్లకు ప్లేటు నేర్పే ముందు ఆ కాగితం చదివించేవాణ్ణి. అంకెను నమ్మాలా వద్దా అన్నది రోగిని చూసే మనిషి తేల్చుకోవాల్సిన సంగతి. ల్యాబులో కూర్చున్నవాడికి రోగి చేయి కనిపించదు.

ఆ కాగితంలో రాయని మాట ఇంకొకటి ఉంది. ఆర్డర్లలో అలాంటివి రాయరు. నువ్వు కూర్చున్నావా లేదా అని యాదమ్మను అడిగితే సరిపోయేది. ఆమె నవంబరులో కిటికీ ముందు నిలబడే ఉంది. నేను టైము చెప్పాను, నిబంధన చెప్పాను, రేపు రమ్మని చెప్పాను. అడగలేదు.