మూర్తి మాస్టారూ, మొహమాటం మార్కులూ

సూర్యనారాయణమూర్తి మాస్టారిది కోనసీమ. ఉద్యోగం మాత్రం భీమవరం అవతల, చేపల చెరువుల మధ్యనున్న హైస్కూల్లో. పందొమ్మిదేళ్లుగా అక్కడే లెక్కలు చెబుతున్నారు. బోర్డు మీద ఆయన అంకెలు అచ్చుగుద్దినట్టుంటాయి. లెక్క పూర్తవగానే పిల్లలవైపు తిరిగి "అర్థమైందా?" అంటారు. నలభై గొంతులు ఒక్కసారిగా "అర్థమైందండీ!" అని అరుస్తాయి. అంతే, ఆయన చేతికంటిన సుద్ద దులుపుకుని హాయిగా బయటికి నడుస్తారు.

పరీక్షలు పెట్టరని కాదు. పెట్టకపోతే పైవాళ్లు ఊరుకోరు కదా! వారం వారం స్లిప్ టెస్టులు, ఫార్మేటివ్‌లు, సమ్మేటివ్‌లు, ఆ మార్కులన్నీ ఫోన్లో యాప్‌కి ఎక్కించడం, అది మధ్యలో ఆగిపోతే మళ్లీ మొదట్నుంచీ ఎక్కించడం. అన్నీ చేసేవారు. కానీ ఆయన మనసులో అసలు పరీక్ష ఆ కేకే.

గోదావరి జిల్లాల సంగతి మనకి తెలియందేముంది! పెద్దవాళ్లకి ఎదురుగా కాదని చెప్పడానికి నోరు రాదు. ఆకలి సగం కూడా తీరనివాడు "చాలండీ, చాలండీ" అంటూ విస్తరికి చెయ్యి అడ్డం పెడతాడు. మొహమాటం మీద మనవాళ్లకి సామెత కూడా ఒకటుంది గానీ, అది బళ్లో చెప్పేది కాదు.

మొన్న ఏప్రిల్లో టెన్త్ ఫలితాలొచ్చాయి. వీరదుర్గ లెక్కల్లో తప్పింది. ఇరవై ఆరు మార్కులు. మాస్టారికి తల కొట్టేసినట్టయింది. తప్పితే ఎవరైనా తప్పాలి గానీ వీరదుర్గేంటి? మొదటి బెంచీ పిల్ల. అందరికన్నా గట్టిగా "అర్థమైందండీ" అనేది ఆ పిల్లే. బళ్లో పరీక్షల్లో ఏనాడూ డెబ్బైకి తగ్గలేదు. పేపరు దిద్దినవాడు కునుకు తీసుంటాడని తిట్టుకుంటూ, మళ్లీ దిద్దించమని చెబుదామని స్కూటరేసుకుని వాళ్లింటికి వెళ్లారు.

దుర్గ తల్లి సత్తెమ్మ గబగబా కుర్చీ తుడిచి వేసింది. ఆవిడ రొయ్యలు ఒలిచే షెడ్డులో పని చేస్తుంది.

"ఎందుకులెండి మాస్టారండీ అవన్నీ. మే నెల్లో ఇంకోసారి రాస్తాదండి. అదీ తప్పితే జూన్ నించి నాతోపాటు షెడ్డుకే. మమ్మల్ని తీసుకెళ్లే వ్యానబ్బాయికి చెప్పేశానండి."

మాస్టారు దుర్గని పిలిచి, క్లాసులో చేసిన లెక్కొకటి ఇచ్చారు. ఆ పిల్ల ఎక్కడా ఆగకుండా చివరిదాకా చేసేసింది. అదే లెక్కలో అంకెలు మార్చి ఇచ్చారు. పెన్ను కదల్లేదు.

"అదేంటమ్మా! అర్థమైందన్నావు కదా?"

దుర్గ నేల చూపులు చూసింది. "మీరు చెమటలు కక్కుతా అంతసేపు చెప్తారండీ. అర్థం కాలేదంటే మీరు చిన్నబుచ్చుకుంటారేమోనని..."

"అందుకని లెక్కలన్నీ బట్టీ పట్టేశావా?"

"టెస్టుల్లో మీరు బోర్డు మీద చేసినవే ఇచ్చేవారు కదండీ."

ఆరో తరగతి నుంచి ఆ పిల్లకి లెక్కలు చెప్పింది ఆయనే మరి! వేరొకరి మీదికి తోసేద్దామన్నా వీల్లేదు.

ఇంటికొచ్చి కంచం ముందు కూర్చున్నారే గానీ ముద్ద దిగలేదు. భార్య మాణిక్యాంబ గారు సంగతంతా విని ఓదారుస్తారనుకుంటే, ఆవిడ ఫక్కున నవ్వారు.

"ఎప్పుడడిగినా కూర బాగుందనే అంటారు మీరు. నేను నమ్మానా? కంచంలో ఎంత వదిలేశారో చూసుకుంటాను. మీరూ అడగడం మానేసి చూడండి."

మర్నాటి నుంచి దుర్గకి మాస్టారి అరుగే బడి. పరీక్షకి ఇరవై రెండు రోజులుంది. "అర్థమైంది" అన్న మాట నోట రాకూడదని మొదటే చెప్పేశారు. చేతికి పలక ఇచ్చి, లెక్క సగంలో ఆపి, తర్వాతి మెట్టు రాసి చూపించమనేవారు. కావాలని ఒక తప్పు చేసి, అదెక్కడుందో పట్టుకోమనేవారు. మొదట్లో మాస్టారి తప్పుకి వేలు పెట్టి చూపించడానికి ఆ పిల్ల జంకేది. చూసి కూడా చూడనట్టు ఊరుకునేది. ఆయనకి కోపమొచ్చి, "నా తప్పు చెబితే నేనేం కరిగిపోను!" అని కేకలేశారు. ఆ కేకలకి ఇంకా భయపడింది. అక్కడా తప్పు ఆయనదే.

ఐదో రోజున జబ్బెక్కడుందో దొరికింది. "మైనస్ మూడు పెద్దదా, మైనస్ ఏడు పెద్దదా?" అని అడిగితే, "మైనస్ ఏడండీ" అంటూ రాసి చూపించింది. ఆరో తరగతి పాఠం! దాని మీద నాలుగేళ్ల లెక్కలు, పునాది లేని గోడలా కట్టుకుంటూ పోయారాయన.

"మీ వీధి చివర చెరువుంది కదా. నీళ్లు తూము మీది గుర్తుకి మూడంగుళాలు కిందికెళ్లినప్పుడు ఎక్కువుంటాయా, ఏడంగుళాలు వెళ్లినప్పుడా?"

"మూడు వెళ్లినప్పుడేనండీ. ఏడంటే చాలా తగ్గిపోయినట్టు కదండీ," అంది దుర్గ. అని, పలక వంక చూసుకుని, తనే చెరిపేసి మళ్లీ రాసింది.

ఆ తర్వాత ఆయన విద్యార్థి, దుర్గ పంతులమ్మ. ప్రతి లెక్కా ఆ పిల్లే చెప్పాలి. ఆయన "ఎందుకని?" అంటూ చంటిపిల్లాడిలా ప్రాణం తీసేవారు. చెప్పలేనిచోట ఇద్దరూ ఆగి మళ్లీ మొదలెట్టేవారు. ఎండ మండిపోతోంది, కరెంటు ఉంటే ఉంది లేకపోతే లేదు. సత్తెమ్మ మాత్రం రోజూ షెడ్డు నుంచి వస్తూ గుమ్మం దగ్గర నిలబడి, "దానికి లెక్క వస్తందాండీ?" అని అడిగేది. "పరీక్షయ్యాక చెబుతాను," అనేవారు మాస్టారు. ఒకప్పుడైతే "దివ్యంగా వస్తోంది" అనేసేవారే.

ఫలితాల రోజున తల్లీకూతుళ్లిద్దరూ వచ్చారు. నలభై ఎనిమిది. సత్తెమ్మ కళ్లు తుడుచుకుంటూ, వ్యానబ్బాయికి దుర్గ రాదని చెప్పేశానంది. మాస్టారికి ఆనందం పట్టలేదు.

"ఇంటర్లో ఎంపీసీలో చేర్పించమ్మా. లెక్కలు నేను చెబుతాను."

"మీ మాటే మాటండి," అంది సత్తెమ్మ.

దుర్గ తలెత్తింది. "వద్దండీ. నాకు లెక్కలంటే ఇష్టం లేదండీ. ఎప్పుడూ లేదండీ."

సత్తెమ్మ కూతురి జబ్బ మీద ఒక్కటేసింది. మాస్టారికి మనసు చివుక్కుమంది, ఎందుకనదు! మూడు వారాలు ప్రాణం పెట్టి చెప్పిన లెక్కలాయె. పందొమ్మిదేళ్లలో ఒక పిల్ల తనకెదురుగా నిలబడి కాదనడం అదే మొదలు.

"కొట్టకమ్మా," అన్నారు. తర్వాత అరుగు మీద దుర్గకి చోటిచ్చి, "కూర్చో. నీకేది ఇష్టమో చెప్పు, వింటాను," అన్నారు.